గోవా చూసేశాక ఏ తీరం? ఉడుపి, మాల్వణ్, కణ్ణూర్‌లలో మీకు నప్పేది ఇలా తేల్చుకోండి

గోవా చూసేశాం, మళ్లీ అటువైపే వెళ్లాలనుంది, ఈసారి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది అని అడిగేవాళ్లు చాలామంది. వాళ్లకి చూడాల్సిన చోట్ల జాబితా ఒకటి ఇచ్చేయడం తేలికే గానీ దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. కోట అయినా, గుడి అయినా, లైట్‌హౌస్ అయినా గంటా రెండు గంటల్లో చూడటం అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేస్తారు? పొద్దున్నే ఏం తింటారు, ఎండ వేళ ఎక్కడుంటారు, సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు, చీకటి పడ్డాక ఆ ఊళ్లో ఏముంటుంది? కొత్త తీరం చూసి ఇంటికొచ్చాక పదేపదే చెప్పుకునేవి ఈ చిన్న చిన్న సంగతులే కాబట్టి ఊరి ఎంపిక కూడా వాటిని బట్టే జరగాలని నా గట్టి నమ్మకం.

అందుకే అరేబియా తీరంలో మూడు చోట్లు తీసుకుని ఆ లెక్కన పోలుస్తున్నాను. ఉత్తరం నుంచి మొదలుపెడితే మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లాలోని మాల్వణ్, కర్ణాటకలో ఉడుపి నుంచి కుందాపుర దాకా ఉన్న పట్టీ, ఉత్తర కేరళలో కణ్ణూర్, తలశ్శేరి. మూడింటికీ దగ్గర్లో రైలు ఉంది, మూడింట్లోనూ గోవాలో ఉండే హడావిడి ఉండదు, మూడూ ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేని ఊళ్లు. గోకర్ణని ఎందుకు వదిలేశానో కింద చెప్తాను.

ముందు ఆ తీరం సంగతి

మనకి సూర్యుడు సముద్రంలోంచి రావడం అలవాటు. భీమిలి అయినా, సూర్యలంక అయినా, మైపాడు అయినా తెల్లారకముందే లేచి ఒడ్డుకి పోతాం, సాయంత్రానికి వెలుగు మన వెనక పడిపోతుంది. అటు సూర్యుడు సముద్రంలోకే దిగుతాడు. ఇది తెలియనివాళ్లు ఎవరూ ఉండరు గానీ ప్లాన్ రాసుకునేటప్పుడు మాత్రం మర్చిపోతారు, సాయంత్రం ఐదింటికి ఇంకో ఊరికి బస్సెక్కేలా టికెట్లు చేసుకుంటారు. అక్కడ ఐదున్నర నుంచి ఏడు దాకా వేరే పని ఏదీ పెట్టుకోకండి. ఊళ్లోవాళ్లు కూడా అదే వేళకి ఒడ్డుకొస్తారు, పిల్లలు బంతాట ఆడుతుంటారు, చురుమురి బండి వస్తుంది, సూర్యుడు నీళ్లని తాకే ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం అందరూ ఒకే వైపు చూస్తుంటారు. పైసా ఖర్చులేని ఈ ఆనందం మూడు చోట్లా సమానమే కాబట్టి దీన్ని పోలికలోకి తేవట్లేదు.

రెండో తేడా నదులది. మన గోదావరి, కృష్ణ దక్కను అంతా దాటొచ్చి డెల్టాలు కట్టాయి. అటు పడమటి కనుమలు సముద్రానికి బాగా దగ్గర, నదులు పొట్టివి, డెల్టాలు కట్టకుండా వెడల్పాటి మొగల దగ్గర నేరుగా సముద్రంలో కలిసిపోతాయి. చాలాచోట్ల ఇసుక మేట అడ్డంపడి, నది సముద్రం పక్కనే కొంతదూరం నడిచి ఆ తర్వాత కలుస్తుంది. అలాంటి మేట మీద వేసిన రోడ్డులో వెళ్తుంటే ఒక పక్క అలలు, ఇంకో పక్క కదలని నీళ్లు. పొద్దున పూట ఆ నది వైపు ఉండాలి, సాయంత్రం సముద్రం వైపు. బస వెతుక్కునేటప్పుడు ఈ రెండూ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయా అని మ్యాప్‌లో చూసుకోండి, స్విమ్మింగ్ పూల్ ఉందా లేదా అనేదానికంటే అది ముఖ్యం.

చేపలు తినేవాళ్లకి ఒక ముఖ్యమైన విషయం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో అది జూన్ 1 నుంచి జూలై 31 దాకా, కేరళలో జూన్ రెండో వారంలో మొదలై జూలై నెలాఖరు దాకా. అంటే వేసవి సెలవుల్లో ఇక్కడ తాజా చేప తగ్గిపోయిన రోజుల్లో అక్కడ వేట సాగుతూనే ఉంటుంది. మే నెలలో ఎండా ఉక్కపోతా ఉన్నా సరే చేప కోసం వెళ్లేవాళ్లకి అది మంచి లెక్కే.

ఉడుపి, కుందాపుర: మొదటిసారి వెళ్లేవాళ్లకి

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, చిన్నపిల్లలు ఉన్నారు, కొందరు శాకాహారులు, కొందరికి చేప లేకపోతే ముద్ద దిగదు, అలాంటి కుటుంబం అయితే ఇంకేమీ ఆలోచించకుండా ఇక్కడికే వెళ్లండి. అందరికీ ఏదో ఒకటి దొరికే ఊరు ఈ మూడింట్లో ఇదొక్కటే.

పొద్దున టిఫిన్ దగ్గర్నుంచే సరదా మొదలవుతుంది. ఉడుపి హోటల్ అనగానే మనకి మన ఊళ్లో ఉన్న ఇడ్లీ, మసాలా దోశ గుర్తొస్తాయి గానీ అక్కడికి వెళ్లి అవే తింటే ఏం లాభం? బన్స్ అడగండి. బాగా మగ్గిన అరటిపండుని మైదాలో, పెరుగులో కలిపి పిసికి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పూరీలా ఒత్తి నూనెలో వేస్తారు. ఉబ్బి, గోధుమ రంగులోకి తిరిగి వస్తుంది, లోపల కాస్త తీపి, జీలకర్ర వాసన, పక్కన కారం చట్నీ. పిల్లలు రెండోది అడక్కుండా లేవరు. నీరు దోశ అయితే పెనం దగ్గర నిలబడి చూడాల్సిందే. బియ్యం నానబెట్టి మజ్జిగంత పల్చగా రుబ్బుతారు, పులియబెట్టరు. గరిటెతో తిప్పడం ఉండదు, పెనం అంచు నుంచి లోపలికి గిన్నెతో పోసేస్తారు, పిండి తనంతట తానే చిల్లులు చిల్లులుగా సర్దుకుంటుంది. మూతపెట్టి ఒక్క నిమిషం, తిరగేయకుండానే తీసి నాలుగు మడతలు పెట్టి ఇస్తారు. ఎక్కడా ఎర్రబడకూడదు, తెల్లగా, మెత్తగా ఉండాలి. కొబ్బరి, బెల్లం కోరుతో శాకాహారులకి, కోడి కూరతో మిగతావాళ్లకి, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినొచ్చు. వీటితోపాటు గోళిబజె, అంటే మన మైసూర్ బజ్జీయే, సాయంత్రం కాఫీతో వేడివేడిగా. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చాక పునర్పుళి (కోకం అనే పుల్లటి పండు) షర్బత్ తాగండి, ముదురు ఎరుపు రంగులో పుల్లగా ఉంటుంది, ఒంటికి చలవ. ఇక రాత్రికి, మాంసం తినేవాళ్లయితే, కుందాపురలో చికెన్ ఘీ రోస్ట్.

మనవాళ్లకి అక్కడ ఇంకో సుఖం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ నాకు చాలా ఇష్టం. కన్నడ లిపి మనకి దాదాపు చదవొస్తుంది. మొదటి రోజు బస్సు బోర్డు దగ్గర తడుముకుంటాం, రెండో రోజుకి ఊరి పేర్లు, హోటల్ మెనూలు వాటంతటవే అర్థమవుతుంటాయి, పిల్లలైతే పోటీలు పడి చదువుతారు. కొత్తచోట ఎవరినీ అడక్కుండా బస్సెక్కగలగడం చిన్న విషయం కాదు. పైగా ఆ దారిలో ప్రైవేటు బస్సులు ఎక్కువ, ఒకటి తప్పితే ఇంకొకటి వెంటనే వస్తుంది, కారు లేకపోయినా ఏ టెన్షనూ ఉండదు.

చూడటానికి ఉన్నవి క్లుప్తంగా చెప్పేస్తాను. కృష్ణ మఠం బయటి గోడకి ఉన్న కనకన కిండి అనే కిటికీ, లోపలికెళ్లాక తొమ్మిది రంధ్రాల నవగ్రహ కిండిలోంచి స్వామిని చూడటం, మధ్యాహ్నం పంక్తిలో కింద కూర్చుని భోజనం. మల్పె నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవి, అక్కడి రాళ్లు ఎవరో చెక్కి నిలబెట్టినట్టు పలకలు పలకలుగా స్తంభాల్లా ఉంటాయి. మడగాస్కర్ మన నేల నుంచి విడిపోయిన కాలంలో, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట, లావా చల్లారి అలా గడ్డకట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. అక్కడ నీళ్లలోకి దిగకండి, రాళ్ల మధ్య లోతు తెలియదు. కాపులో 1901 నాటి లైట్‌హౌస్ ఉంది, సాయంత్రం పైకెక్కనిస్తారు. కుందాపుర దాటాక మరవంతె దగ్గర జాతీయ రహదారికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సౌపర్ణికా నది. ఆ ముక్క కార్లో వెళ్తే ఒక నిమిషంలో దాటిపోతుంది. దిగి, అటు అరగంట ఇటు అరగంట కూర్చోండి. అంతకంటే ప్రశాంతంగా కావాలంటే కోడి బెంగ్రె, సువర్ణ, సీత నదులు సముద్రంలో కలిసేచోటికి పోయే సన్నటి రోడ్డు, రెండు పక్కలా నీళ్లు, జాలరుల ఇళ్లు, ఎండబెట్టిన వలలు. ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కడం, నా వరకు, ఆ జిల్లా మొత్తానికీ గొప్ప అనుభవం.

రాత్రికి యక్షగానం ఉంది. నవంబరు నుంచి మే దాకా మేళాలు, అంటే ఆట బృందాలు, ఊరూరా తిరుగుతాయి, మొక్కు తీర్చుకునేవాళ్లు ఆడిస్తారు, చూడటానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. చెండె అనే డోలు మోగడం మొదలైతే కథ తెలియకపోయినా లేవాలనిపించదు, అయినా కథలన్నీ మన భారత భాగవతాల్లోవే, చిందు యక్షగానం చూసి పెరిగిన తెలంగాణవాళ్లకి అయితే కిరీటాలు, అడుగులు చూస్తుంటే చుట్టాలింటికి వచ్చినట్టే ఉంటుంది. మనం దిగిన హోటల్లో కంటే బస్టాండ్ దగ్గర టీ కొట్టులో అడిగితే ఈ రాత్రి ఏ ఊళ్లో ఆట ఉందో సరిగ్గా చెప్తారు.

లోటు ఏమిటంటే, ఇది రద్దీ లేని ఊరు కాదు. ఉడుపి ఊళ్లో, మల్పెలో ఆదివారం వస్తే కార్లు, మైకులు. ఒంటరిగా సముద్రం ముందు కూర్చోవాలనుకునేవాళ్లు కుందాపుర వైపు ఉండాలి, లేదంటే మాల్వణ్ వెళ్లాలి.

మాల్వణ్: చేప, నిశ్శబ్దం

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మాల్వణ్ ఎంచుకుంటాను. అందరికీ నచ్చుతుందని చెప్పను. చూడటానికి ఒక్క కోట ఉంది, అది గొప్పది. ఆ తర్వాత రోజంతా ఒడ్డున ఉండటమే, ఆ ఉండటం ఇష్టమైతేనే వెళ్లండి.

కోట సంగతి ముందు. సింధుదుర్గం శివాజీ కట్టించింది, 1664లో మొదలుపెట్టి 1667కి పూర్తిచేశారు. ఒడ్డు నుంచి పడవలో వెళ్లాలి. దగ్గరికొచ్చేదాకా ద్వారం ఎక్కడుందో కనిపించకుండా గోడని మెలితిప్పి కట్టారు, పడవ గోడకి దాదాపు తగిలేంత దగ్గరికి వెళ్లాక పక్కకి తిరిగితే అప్పుడు వాకిలి. లోపల చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో మూడు మంచినీళ్ల బావులు, పాలు, పెరుగు, పంచదార పేర్లతో పిలుస్తారు. శివాజీకి గుడి కూడా ఉంది. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ ఆ కోటలోనే కాపురం ఉంటున్నాయి, వాళ్ల ఇంటి ముందు కోకం షర్బత్ తాగొచ్చు. గైడ్ చెప్పేది విని వెంటనే తిరుగు పడవ ఎక్కేయకండి, గోడ మీద కాస్త నడవండి.

ఇప్పుడు అసలు విషయం. సాయంత్రం మాల్వణ్ ఒడ్డున చేపల వేలం. పడవలు ఒకటొకటిగా వస్తాయి, బుట్టలు దించి ఇసుక మీదే గుమ్మరిస్తారు. బంగడా అంటే మన కానాగంత చేప, నీలం ఆకుపచ్చ చారలు ఇంకా మెరుస్తుంటాయి. పక్కనే వంజరం, అక్కడ సుర్మయి అంటారు, చందువలు, రొయ్యలు, పీతలు విడివిడిగా. వేలం పాడేవాడు కుప్ప పక్కన నిలబడి ధర అంటుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాట కూడా అనకుండా తల ఆడించడంతోనే పాట పెంచుతారు, మనకి ఎవరు పాడారో తెలిసేలోపు కుప్ప అమ్ముడైపోతుంది, బుట్ట నెత్తికెక్కుతుంది. కొన్నావిడ ఆ బుట్టని నాలుగు అడుగుల అవతల మళ్లీ దింపి చిన్న వాటాలు పెట్టి చిల్లరగా అమ్మడం మొదలుపెడుతుంది. ఇదంతా సూర్యుడు కోట వెనక్కి దిగుతుండగా జరుగుతుంది. అడ్డం రాకుండా పక్కన నిలబడి చూస్తే ఎవరూ ఏమీ అనరు, చేప పేరు అడిగితే సంతోషంగా చెప్తారు. మీ హోమ్‌స్టేలో ముందే మాట్లాడుకుంటే మీరు కొన్నది వండి పెడతారు.

పొద్దున్నే తార్కర్లీ వైపు వెళ్తే అలివి వల లాగడం చూడొచ్చు. అక్కడ రాపణ్ అంటారు. వలని అర్ధచంద్రాకారంలో సముద్రంలో వేసి రెండు కొసలూ ఒడ్డు నుంచి రెండు గుంపులు లాగుతాయి. మన ఒడ్డున కూడా ఉన్న పద్ధతే, కానీ మనలో చాలామంది దగ్గర్నుంచి చూసి ఉండరు. తాడు పట్టుకుంటామంటే పట్టుకోనిస్తారు, గట్టిగా లాగాలి మరి. వల దగ్గరయ్యేకొద్దీ పక్షులు ముందే వచ్చి వాలతాయి.

భోజనం ఇక్కడ ఒక్క తీరే, చేప థాలీ. ధర చేపని బట్టి ఉంటుంది, సుర్మయి, చందువ థాలీలు ఖరీదు, బంగడా థాలీ చవక, రుచికి బంగడా ఏమాత్రం తీసిపోదు, మొదటి రోజు అదే తీసుకోండి. వేపుడు చేప, చేప పులుసు, అన్నం, చపాతీ లేదా బియ్యపు రొట్టె, పక్కన గులాబీ రంగు సోల్‌కఢీ. కోకం తొక్కలు నానబెట్టి పిండిన నీళ్లలో కొబ్బరిపాలు, కాస్త వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపి చేస్తారు. మొదటి గుక్కకి వింతగా ఉంటుంది, కారం తిన్న నోటికి రెండో గుక్క హాయిగా ఉంటుంది, మూడో రోజుకి అది లేకుండా భోజనం ముగించలేరు. టిఫిన్‌కి ఘావనే, బియ్యప్పిండితో పల్చగా పోసే అట్లు, కొబ్బరిపాలు బెల్లం కలిపిన రసంలో ముంచుకుని తినాలి. ఆదివారం కోడి కూర, వడె. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే పక్కనే దేవ్‌గఢ్, హాపూస్ మామిడి తోటల నుంచి పళ్లు వస్తుంటాయి. బంగినపల్లి గొప్పా హాపూస్ గొప్పా అనే వాదన అక్కడ మొదలుపెట్టకండి, అక్కడున్నన్ని రోజులూ హాపూస్ తినండి.

శాకాహారులకి మాత్రం కష్టం. పప్పు, కూర దొరుకుతాయి, కానీ ఆ ఊరి ప్రాణం అంతా చేపలో ఉంది, దాన్ని వదిలి ఆ ఊరు చూసినట్టు కాదు. అందుకే శాకాహార కుటుంబాలకి నేను మాల్వణ్ చెప్పను.

బస విషయంలో మాల్వణ్ ఊళ్లో కంటే తార్కర్లీ లేదా ఇంకా ముందుకెళ్లి దేవ్‌బాగ్‌లో దిగండి. దేవ్‌బాగ్ అంటే కర్లీ నదికీ సముద్రానికీ మధ్య ఉన్న సన్నటి నేల, రోడ్డు వెళ్లి వెళ్లి ఆ రెండూ కలిసేచోట ఆగిపోతుంది. కొబ్బరి, సరుగుడు చెట్ల మధ్య ఎర్ర జాంభా రాయితో కట్టిన ఇళ్లు, ముందు వాకిట్లో పేడతో అలికిన నేల, వెనక గుమ్మం తీస్తే నది. పెద్ద హోటళ్లు తక్కువ, ఇళ్లల్లోనే గదులిస్తారు, వంట చేసే ఇంటావిడని కాకూ అని పిలవండి, రెండో పూట నుంచి అన్నం ఇంకొంచెం పెట్టుకోమని బలవంతం చేస్తారు. పడవ మోటార్ల ఆటలు, నీళ్లలో మునిగి చేపల్ని చూపించే స్నార్కెలింగ్, స్కూబా కూడా ఉన్నాయి, పిల్లలున్నవాళ్లకి అవీ ఒక పూట కాలక్షేపం. శీతాకాలంలో గుడి జాతరలు వస్తే రాత్రిళ్లు దశావతార్ నాటకం ఆడతారు. లేకపోతే రాత్రి తొమ్మిదికల్లా ఊరు నిద్రపోతుంది, అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అది మీకు వరమా, విసుగా అన్నది ముందే ఆలోచించుకోండి.

కణ్ణూర్, తలశ్శేరి: మనుషుల్ని, రాత్రుల్ని ఇష్టపడేవాళ్లకి

కణ్ణూర్ వెళ్లాల్సింది అక్టోబరు చివర నుంచి మే దాకా, తెయ్యం కాలంలో. ఆ నెలల్లో కాకపోతే ఉడుపికే వెళ్లండి అని సూటిగా చెప్తాను. తెయ్యం అంటే వేదిక మీద ఆడేది కాదు, ఊరి కావుల్లో, అంటే చెట్ల మధ్య ఉండే చిన్న గుళ్లలో, దేవత మనిషి మీదికి వచ్చి మాట్లాడే పూజ. ఎర్రటి వేషం, మొహం మీద గంటలకొద్దీ వేసిన గీతలు, కొన్ని తెయ్యాలకి తాటిచెట్టంత కిరీటం, కొన్నిటికి తెల్లవారుజామున నిప్పుల మీద నడక. టికెట్ లేదు, కుర్చీలు లేవు, మీరు అతిథులు కాబట్టి నేల మీద ఒక పక్కన నిలబడి చూడాలి, ఫొటో తీయొచ్చా అని అడిగి తీయాలి, ఫ్లాష్ వేయకూడదు.

నిద్ర మానుకోలేనివాళ్లకి, పిల్లలున్నవాళ్లకి పరశ్శినిక్కడవు ఉంది. వళపట్టణం నది ఒడ్డున ముత్తప్పన్ గుడి, అక్కడ దాదాపు ఏడాది పొడుగునా రోజూ తెయ్యం జరుగుతుంది. గుళ్లో కుక్కలు నిర్భయంగా తిరుగుతుంటాయి, ముత్తప్పన్‌కి అవంటే ప్రీతి. ఏ మతంవాళ్లైనా వెళ్లొచ్చు. తెయ్యం అయిపోయాక ముత్తప్పన్ వేషంలో ఉన్నాయన భక్తుల్ని ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, చేయి పట్టుకుని, వాళ్లు చెప్పుకునేది వింటాడు. పరీక్ష తప్పిన కుర్రాడు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినాయన, కళ్లనీళ్లు పెట్టుకున్న ముసలమ్మ, అందరితోనూ మెల్లగా, తొందర లేకుండా మాట్లాడతాడు. భాష తెలియకపోయినా ఆ వరసలో నిలబడితే మనసు తేలికపడుతుంది. తర్వాత ప్రసాదంగా ఉడికించిన గింజలు, రెండు కొబ్బరి ముక్కలు, టీ. ఆ టీ, ఆ గింజలు తీసుకుని నది ముందు కూర్చోండి, అక్కడి నుంచే సర్కారు పడవలు కూడా వెళ్తుంటాయి, టికెట్ చాలా తక్కువ, ఒకటి ఎక్కి తిరిగి రండి.

సముద్రం విషయానికొస్తే ముళప్పిలంగాడ్ బీచ్‌లో గట్టి ఇసుక మీద నాలుగు కిలోమీటర్లదాకా కారు నడపొచ్చు, అలలు వెనక్కి తగ్గినప్పుడు. పిల్లలకి ఇది పండగ. నాకు మాత్రం కారు దిగి అదే ఇసుక మీద నడవడమే నచ్చుతుంది. 1505లో పోర్చుగీసువాళ్లు కట్టిన సెయింట్ ఏంజెలో కోట, 1708 నాటి తలశ్శేరి కోట ఉన్నాయి, చరిత్ర ఇష్టమైతే చూడండి. కోటల్లో నాకు బాగా నచ్చేది ఇంకాస్త ఉత్తరంగా కాసర్‌గోడ్ జిల్లాలో ఉన్న బేకల్. 1650 ప్రాంతంలో కెళది శివప్ప నాయకుడు కట్టించింది, సముద్రం మూడొంతులు చుట్టుకుని ఉంటుంది.

తలశ్శేరి తిండికి పేరున్న ఊరు. బిర్యానీని జీరకసాల అనే చిట్టి బియ్యంతో చేస్తారు, కారం తక్కువ, నెయ్యి, వేయించిన ఉల్లిపాయల కమ్మదనం ఎక్కువ. హైదరాబాద్ బిర్యానీని మనసులో పెట్టుకుని తింటే చప్పగా అనిపిస్తుంది, ఆ అలవాటు పక్కనపెట్టి తినండి. ఆ తర్వాత పాలు లేని సులైమానీ టీ. సాయంత్రం అరిక్కడుక్క దొరికితే వదలకండి, ఆల్చిప్పలోనే బియ్యప్పిండి, కొబ్బరి కూరి ఆవిరిపట్టి, కారం పూసి వేయిస్తారు. అరటిపండు ముద్దలో కొబ్బరి పెట్టి వేయించే ఉన్నక్కాయ శాకాహారులకి కూడా. ఇండియాలో మొదటి క్రిస్మస్ కేక్ 1883లో ఈ ఊళ్లోనే తయారైందని చెప్తారు, ఇప్పటికీ బేకరీలకి కొదవలేదు.

ఇబ్బంది భాషది. మలయాళం చదవలేం, బస్సు బోర్డులు అర్థం కావు, హిందీ అందరికీ రాదు. అయితే అడిగితే చేయిపట్టుకుని బస్సెక్కించేంత మంచిగా ఉంటారు కాబట్టి దీన్ని పెద్ద లోటుగా చెప్పను.

గోకర్ణ ఎందుకు లేదంటే

గోకర్ణలో మహాబలేశ్వరుడి గుడి, కుడ్లె నుంచి ఓం బీచ్‌కి కొండ అంచున నడిచే దారి, ఈ రెండూ నిజంగా గొప్పవి. కానీ బీచ్‌లు ఇప్పుడు గోవా దారిలోనే పోతున్నాయి, గోవా తర్వాత వేరేది కావాలనుకునేవాళ్లకి అక్కడ తేడా తెలియదు. ఉడుపి వెళ్లినవాళ్లు ఒక రోజు తీసుకుని వెళ్లిరావచ్చు.

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో వెళ్తుంటే ఉడుపి. కొల్లూరు మూకాంబిక, శృంగేరి కూడా ఒక రోజులో వెళ్లొచ్చే దూరంలోనే ఉన్నాయి, వాళ్ల యాత్రా పూర్తవుతుంది, మీ సముద్రమూ పూర్తవుతుంది. మురుడేశ్వర్‌లో ఇరవై అంతస్తుల గోపురానికి లిఫ్టు ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా పై నుంచి సముద్రం చూడగలరు. కొత్తగా పెళ్లయినవాళ్లకి, ఆఫీసు పనితో అలసిపోయి ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలనుకునేవాళ్లకి దేవ్‌బాగ్. స్నేహితుల గుంపుగా వెళ్తూ రాత్రంతా మేలుకోగలిగితే కణ్ణూర్. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి నేను ఉడుపి, కుందాపుర చెప్తాను, బస్సులు ఎక్కువ, రాత్రి పొద్దుపోయేదాకా జనం ఉంటారు. పూర్తి శాకాహారులకి ఉడుపి తప్ప మరొకటి లేదు. చేప కోసమే వెళ్లేవాళ్లకి మాల్వణ్, రెండో మాట లేదు.

కాలం సంగతి మూడింటికీ ఒకటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తమం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సింధుదుర్గం పడవలు, సెయింట్ మేరీస్ పడవలు ఆపేస్తారు, సముద్రం ప్రమాదకరంగా ఉంటుంది. ఆ నెలల్లో నీళ్లలోకి దిగాలన్న ఆలోచన ఎంతమాత్రం వద్దు. వాన చూడటానికే వెళ్తామంటే ఉడుపి వైపు వెళ్లండి, చేమ ఆకులతో చేసే పత్రొడె అనే వంటకం ఆ రోజుల్లోనే దొరుకుతుంది.

ప్రయాణానికి, హైదరాబాద్ నుంచి ఉడుపికి అయితే మంగళూరు విమానం, అక్కడి నుంచి గంటన్నరలో ఉడుపి. రాత్రి బస్సులు కూడా ఉన్నాయి. కాచిగూడ నుంచి మంగళూరు వైపు పోయే రైలు కణ్ణూర్ మీదుగానే వెళ్తుంది కాబట్టి కణ్ణూర్ వెళ్లేవాళ్లకి అది తిన్నగా సరిపోతుంది. మాల్వణ్‌కి దగ్గరి విమానాశ్రయాల్లో గోవాలోని మోపా మనకి అనుకూలం, రైలు అయితే కుడాల్‌లో దిగాలి, అక్కడి నుంచి ఎర్ర బస్సుగానీ ఆటోగానీ. విజయవాడ, గుంటూరు వైపువాళ్లు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో మడగావ్ దాకా వెళ్లి కొంకణ్ రైలు మారొచ్చు, దారిలో దూధ్‌సాగర్ జలపాతం కూడా కనిపిస్తుంది. కొంకణ్ రైల్లో పగటిపూట ప్రయాణం పెట్టుకోండి, సొరంగాలు, వంతెనలు, నదీ మొగలు వరసగా వస్తుంటాయి, కిటికీ పక్క సీటు కోసం స్లీపర్‌లోనే వెళ్లినా నష్టం లేదు.

వారం రోజులు ఉంటే ఉడుపి, కణ్ణూర్ కలుపుకోవచ్చు, మధ్యలో మంగళూరు, బేకల్ పడతాయి, రైల్లో సగం పూట ప్రయాణం. మాల్వణ్‌ని మాత్రం దేనితోనూ కలపకండి, మూడు రాత్రులు దానికే ఇవ్వండి, హోమ్‌స్టేకి ముందురోజే ఫోన్ చేసి రేపు ఏ చేప వచ్చే అవకాశం ఉందో అడిగి వెళ్లండి.